అద్దె తక్కువే... ఆపైవే ఎక్కువ!

'టు-లెట్' బోర్డు చూసి ఆగారా... అయితే ముందు ఇంటివాళ్లు అడిగే ప్రశ్నలకు సిద్ధంకండి. ఎంతమంది ఉంటారు? చుట్టాలు ఎక్కువగా వస్తుంటారా? ఎక్కడ పనిచేస్తారు? బళ్లెన్ని? ఈ ఇంటర్వ్యూలో నెగ్గాకే అద్దె సంగతి. విజయవాడలో మధ్యతరగతి కుటుంబం ఇల్లు వెతుక్కోవడమంటే ఇంతే. నిజానికి అడగాల్సిన ప్రశ్నలు అద్దెకు వచ్చేవాళ్ల దగ్గరే ఎక్కువుండాలి. అవి మాత్రం సామాన్లు దించాకే గుర్తొస్తాయి. కరెంటు మీటరు విడిగా ఉందా? కుళాయి ఎన్నింటికొస్తుంది? వానొస్తే వీధిలో నీళ్లు ఎంతెత్తున నిలుస్తాయి?

ఒకపక్క కృష్ణ. మరోపక్క కొండలు. ఊరి మధ్యలోంచి బందరు, ఏలూరు, రైవస్ కాలువలు. వాటికి తోడు రైలు పట్టాలు. ఉత్తరాన బుడమేరు. వీటన్నిటి మధ్యా మిగిలిన జాగాలోనే విజయవాడ పెరగాలి. 1888లో మున్సిపాలిటీ, 1981లో కార్పొరేషన్ అయిన ఈ ఊరికి 2014లో రాష్ట్ర విభజన తరవాత 'రాజధాని పక్క ఊరు' హోదా వచ్చింది. 2016లో హైదరాబాద్ నుంచి సచివాలయ ఉద్యోగులు తరలివచ్చారు. పెరిగిన అద్దెలు వాళ్లకంటే ముందే వచ్చి కూర్చున్నాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వినపడినప్పుడు 'ఇక తగ్గుతాయేమో' అనుకున్నవాళ్లూ లేకపోలేదు. పెంచిన అద్దెను దించడం ఇంటి యజమానులకు అంతగా అలవాటులేని పని!

అద్దెలు పెరిగినంత సులువుగా జీతాలు పెరగవుగా. ఆటోనగర్‌లో మెకానిక్, బీసెంట్ రోడ్డులో బట్టల కొట్టు సేల్స్‌మన్, ప్రైవేటు స్కూల్లో టీచరు... వీళ్లెవరికీ లబ్బీపేట, మొగల్రాజపురం మెయిన్‌రోడ్డు అద్దెలు అందవు. అలాంటివాళ్లకు మిగిలేవి రెండే దారులు. కొండెక్కాలి, లేదంటే బుడమేరు వైపు దిగాలి.

కొండమీద అద్దె తక్కువ. మెట్లు ఎక్కువ. వంటగ్యాస్ సిలిండర్లో గ్యాసు 14.2 కిలోలే అయినా ఇనుముతో కలిపి ముప్ఫై కిలోల దాకా తూగుతుంది. దాన్ని భుజానికెత్తుకుని పైకి తెచ్చే అబ్బాయి చేతిలో బిల్లుకు పైన ఎంతోకొంత పెట్టాల్సిందే. ఇందులో అతన్ని తప్పుపట్టడానికేం లేదు. బియ్యం బస్తాకూ అంతే, మంచినీళ్ల క్యానుకూ అంతే, రిపేరుకిచ్చిన ఫ్రిజ్‌కూ అంతే. ఇంట్లో మోకాళ్ల నొప్పుల అమ్మమ్మ ఉంటే ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ ఇద్దరు పని మానుకుని ఆవిణ్ని కుర్చీలో మోసుకు దించాలి. పోయిన ఆ రోజు కూలి ఎవరి లెక్కల పుస్తకంలోనూ 'అద్దె' పద్దు కింద కనపడదు. ఇక భారీవాన పడితే రాత్రి నిద్రుండదు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్లమీద విరిగిపడి ప్రాణాలు పోయాయి.

ఆ మర్నాడు కష్టం కింద ఉన్నవాళ్లకొచ్చింది. సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. రోజులతరబడి నీళ్లు తియ్యలేదు. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, పరుపులు, నెలకు సరిపడా బియ్యం, పిల్లల సర్టిఫికెట్లు, ఇంటిముందు పెట్టిన బండి... ఏళ్లతరబడి వాయిదాల మీద కొనుక్కున్నవన్నీ ఒక్కసారే బురదపాలయ్యాయి. కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం ప్రకటించిన సాయం 25,000 రూపాయలు. అందులో ఫ్రిజ్ కొనాలా, బండి ఇంజిన్ విప్పించాలా అన్నది ఇంటింటి లెక్క. అంతకుముందు దాకా ఆ వీధుల్లో ఇల్లు చూసుకున్నవాళ్లు నెలకు కొంత అద్దె మిగిలిందనే అనుకుని ఉంటారు. అలా ఎన్నేళ్లు మిగిలితే ఆ నష్టం పూడుతుందో!

ఇంతకంటే చప్పుడు చెయ్యకుండా జేబు కోసేది కరెంటు మీటరు. రెండు వాటాలకూ కలిపి ఒకటే మీటరుండే ఇళ్లు ఎన్నో. 'వాడుకున్నంతే కట్టండి' అంటారు ఇంటివాళ్లు, న్యాయంగానే. కానీ శ్లాబుల లెక్క అలా లేదు. 2022 ఏప్రిల్ నుంచి అమలైన ధరల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిటు 1.90 రూపాయలు. 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. నెలకు 200 యూనిట్లు కాల్చే కుటుంబానికి విడి మీటరుంటే 867 రూపాయలవుతుంది. అలాంటివి రెండు కుటుంబాలంటే 1,734. ఆ ఇద్దరూ ఒకే మీటరు మీదుంటే? మొత్తం 400 యూనిట్లకు 2,548 రూపాయలు చిల్లర. అదే ఫ్యాను, అదే బల్బు, అదే మిక్సీ... ఒక్కో కుటుంబం మీదా నెలకు 407 రూపాయల అదనపు భారం! దీనిమీద సర్దుబాటు చార్జీలూ, డ్యూటీలూ వేరే. ఎండాకాలంలో కూలరు వేశారంటే లెక్క ఇంకో మెట్టెక్కుతుంది. రేకుల కింద, మండుటెండల విజయవాడలో వెయ్యకుండా ఉండటం కుదరదు కూడా.

నీళ్ల సంగతి చెప్పుకుంటే నవ్వొస్తుంది. ప్రకాశం బ్యారేజీ కళ్లెదుటే కనపడుతుంటుంది, వీధిలో మాత్రం ఇరవై లీటర్ల క్యాన్ల ఆటో హారన్ కొడుతుంటుంది. రోజుకొక క్యాను, ఇరవై రూపాయలే అనుకుందాం. నెలకు 600, ఏడాదికి 7,200. పెద్ద మొత్తంలో అడిగితే ఎవరైనా ఆలోచిస్తారు. ఇరవైకి ఎవరు ఆలోచిస్తారు?

రాకపోకల దగ్గర ఈమధ్య కొంత ఊరట దొరికింది. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. కాలనీ లోపలి నుంచి బస్సు స్టాపు దాకా మాత్రం షేర్ ఆటోయే దిక్కు. ఇద్దరు మనుషులు పట్టే సీటులో నలుగురూ, డ్రైవరు పక్కన ఇంకొకరూ. బండుంటే పెట్రోలు బాధ. 2024లో ఇక్కడ లీటరు 109 రూపాయల పైమాటే. కాయగూరలు చవకగా దొరుకుతాయని నాలుగు కిలోమీటర్లవతల రైతుబజారుకు బండిమీద వెళ్లే నాన్నగారు కిలోకు అయిదు రూపాయలు మిగిల్చి, బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్లో కాల్చిన పెట్రోలు లెక్కలో రాయరు. ఆ కాసేపటి పెత్తనం కూడా కావాలనుకోండి!

ఇల్లు మారాల్సివచ్చిందా, ట్రాలీ ఆటో కిరాయి, హమాలీ కూలి, ఫ్యాన్లు బిగించేవాడి ఖర్చు, గ్యాస్ కనెక్షన్‌కు చిరునామా మార్పు. పాత ఇంటి అడ్వాన్సులోంచి రంగుల కింద కొంత కోత. అందుకే ఇల్లు చూడటానికి ఆదివారం మధ్యాహ్నం తీరిగ్గా వెళ్లొద్దు. మామూలు రోజు పొద్దున్నే, కుళాయి వచ్చే వేళకు వెళ్లండి. మీటరు బోర్డు దగ్గర ఎన్ని మీటర్లున్నాయో లెక్కపెట్టండి. కింది వాటా అయితే గోడమీద నీటి చార ఎంత ఎత్తున ఉందో చూడండి. కొత్తగా సున్నం వేసుంటే పక్కింటి గోడ చూడండి. మిగతావి పక్క వాటా ఆవిడను అడగండి. బిందె నిండేలోపు అన్నీ చెప్పేస్తుంది.