రెండు దేశములు, మూడు వారములు

ఇంట పెండ్లి తలపెట్టినపుడు అప్పడముల లెక్క మొదలుకొని విడిదియిండ్ల వఱకు ఆఱునెలల ముందుగనే మనము ఆలోచింతుము. ఎన్నియో ఏండ్లు కూడబెట్టిన ధనముతో చేయు విదేశయాత్రను మాత్రము, యాత్రాసంస్థవారి రంగుల పత్రము నొకదానిని చూచి, ఒక్క సాయంకాలమున నిశ్చయించుకొందుము. పెండ్లిలో లోపమున్నచో బంధువులు చెప్పుదురు. యాత్రలో లోపమున్నచో చెప్పువా రుండరు. దాని భారమంతయు మౌనముగ గృహిణిపై పడును.

తిరుపతి జిల్లాలో సత్యవేడు, వరదయ్యపాలెము మండలములయందు 2008వ సంవత్సరమున వెలసిన శ్రీసిటీలో ఈ విషయమునకు నేడు విశేష ప్రాధాన్యము కలదు. జపానువారి ఇసుజు మోటారుబండ్ల కర్మాగారము 2016లోను, డైకిన్ శీతలయంత్రముల కర్మాగారము 2023లోను అక్కడ ప్రారంభమైనవి. కొరియావారి ఎల్.జి. సంస్థ 2025 మే నెలలో తన కర్మాగారమునకు శంకుస్థాపన చేసినది. ఇట్లు ఆ రెండు దేశముల పేళ్లును మన పల్లెలలో ఇంటిమాటలైనవి. కర్మాగారములలో పనిచేయు కుటుంబములకు “ఒక్కసారి ఆ రెండింటిని చూచి వత్తము” అను కోరిక పుట్టుట సహజమే. ఆ కోరికను మూడు వారముల యాత్రగా తీర్చుకొను విధము నిక్కడ వివరింతుము.

మనవారికి దూరప్రయాణము క్రొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి బయలుదేరి, తిరుపతిమీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. ఏ మజిలీలో నీరు దొరకును, ఎచ్చట దుకాణము లున్నవి అనునది కూడ వారు వ్రాసిపెట్టిరి. పోతం జానకమ్మ రాఘవయ్యగారు ఇంగ్లండు చూచివచ్చి వ్రాసిన గ్రంథము 1876లోనే ఆంగ్లమున అచ్చయినది. వీ రిద్దరును కన్నులతోపాటు కలమును కూడ వెంట తీసికొనిపోయినవారు. మనము కలమును ప్రయాణమునకు ముందుగనే చేతబట్టవలెను.

మొదట ఒక్కమాట. పరదేశమునకు పోయినను తెల్లవాఱుజామున లేచి ఉప్మా కలుపుచు, రాత్రి బట్టలు తడిపి ఆరవేయుచు, పిల్లల మూటలు సర్దుచు గడపినచో, ఆ యింటి యిల్లాలు వంటయిల్లు మార్చుకొన్నదే కాని సెలవు పొందినది కాదు. యాత్ర యెట్లుండవలెనో నిర్ణయించుటలో ఆమె మాటకు మొదటి స్థానము లేనంతవఱకు ఈ అన్యాయము తొలగదు. కావున కాలము, మార్గము, భోజనము, మూటలు, ధనము అను అయిదింటిని ఇల్లాలే ముందుగ ఆలోచించుట మేలు.

కాలము

పిల్లలకు వేసవి సెలవులు ఏప్రిల్ చివరి వారమున మొదలై జూన్ రెండవ వారము వఱకుండును. చెఱ్ఱీపువ్వుల సొగసు చూడవలెనని చాలమంది కోరుదురు గాని, ఆ పూలు టోకియో, క్యోటో నగరములలో సామాన్యముగ మార్చి చివరను, ఏప్రిల్ మొదటను విరియును. అప్పుడు మన పిల్లలకు పరీక్షలు. ఏప్రిల్ 29 మొదలు మే 5 వఱకు జపానులో వరుస పండుగ సెలవులు వచ్చును. ఆ దేశమంతయు అప్పుడు రైళ్లమీదనే యుండును; బసల వెలలును పెరుగును. జూన్ నెలలో జపానున వానలు పట్టును. కొరియాలో అవి జూన్ చివరను ఆరంభమగును.

ఈ నడుమ మిగిలినది మే 7 మొదలు 28 వఱకు గల కాలము. మన సత్యవేడు ప్రాంతమున కత్తిరి యెండలు మాడ్చివేయు దినములు సరిగా ఇవియే. ఆ వేళ అక్కడ పగలు నడచుటకు హాయిగను, రాత్రి పలుచని శాలువ కప్పుకొనునంత చల్లగను ఉండును. కొరియాలో బుద్ధజయంతి చాంద్రమాన గణనము ననుసరించి తఱచుగ మే నెలలో వచ్చును. అప్పుడు వీధులయందు తామరపూల ఆకారముగల దీపములు వేలకొలది వెలుగుచుండును. సెలవు కోరువారు కర్మాగారములో మూడు నాలుగు నెలల ముందుగనే అర్జీ పెట్టుకొనవలెను.

మార్గము

రెండు దేశములను కలుపునపుడు ఒకదాని చివర రెండవదాని మొదలు కావలెను. వెనుకకు మరలి వచ్చిన దారిని మరల త్రొక్కుట ధనమునకును కాలమునకును నష్టము. చెన్నపట్టణము శ్రీసిటీకి సుమారు 55 కిలోమీటర్ల దూరమే కనుక విమానము నక్కడనే ఎక్కవలెను. టోకియోలో దిగి, సియోలునుండి తిరిగివచ్చునట్లు ఒకే టికెట్టుగ కొనుట ఉత్తమము.

దీనికి మఱియొక కారణము కూడ కలదు. విహారయాత్రకు జపాను వీసా సాధారణముగ ఒక్క ప్రవేశమునకే ఇచ్చెదరు. ఆ దేశము విడచి కొరియాకు పోయి, విమానముకొఱకు మరల టోకియోకు రాదలచినచో ఆ వీసా చెల్లదు. రానుపోను టికెట్టు చౌకయని తొందరపడి కొనువారు ఈ మెలికను గమనింపరు.

టోకియోనుండి క్యోటోకు శీఘ్రరైలులో సుమారు రెండుంబావు గంట. క్యోటోనుండి హిరోషిమాకు గంటన్నరకు పైన. అక్కడనుండి ఫుకుఒకాకు ఒక గంట. ఫుకుఒకా హకాటా రేవునుండి కొరియాలోని బూసాన్‌కు సముద్రముమీద సుమారు 200 కిలోమీటర్లు. త్వరితముగ పోవు చిన్ననౌక 2024లో ఆగిపోయినది. పెద్దనౌక పగటివేళ ఆఱు గంటలలో చేర్చును. అది బయలుదేరు దినములను ముందుగ విచారించి, తక్కిన తేదీలను దానికి సరిపఱచుకొనవలెను. ఓడ పడనివారు విమానమున గంటలోపల దాటవచ్చును. బూసాన్‌నుండి సియోలుకు రైలులో మూడు గంటలైనను పట్టదు.

అనుమతి పత్రములు

భారతీయులకు రెండు దేశములకును వీసా కావలెను. రెండింటి కాన్సలేటులును చెన్నపట్టణమున నున్నవి. అర్జీలను ఎచ్చట, ఏ విధముగ తీసికొందురో ఆయా దేశముల ప్రకటనలలో చూచుకొనవలెను. ఒక పాస్‌పోర్టు ఒకే వేళ రెండు చోట్ల నుండజాలదు కనుక, ఒకటి చేతికి వచ్చిన పిమ్మటనే రెండవ అర్జీ పెట్టుట సాధ్యము. అట్లని మిక్కిలి ముందుగ తీసికొనరాదు. వీసా ఇచ్చిన దినమునుండి సాధారణముగ మూడు నెలలలోపల ఆ దేశమున అడుగుపెట్టవలెను. కావున ప్రయాణమునకు రెండు రెండున్నర నెలల ముందు ఈ పని మొదలుపెట్టుట యుక్తము.

ఇంటి పురుషుని పాస్‌పోర్టు సిద్ధముగ నుండి ఇల్లాలిది గడువు తీరియుండుట మన ఇండ్లలో తఱచు జరుగును. ఆమె పేరు ఆధారులో ఒక తీరుగను, వివాహపత్రములో మఱియొక తీరుగను ఉండుటయు కలదు. తిరుపతిలో పాస్‌పోర్టు సేవాకేంద్రము కలదు. ఈ దిద్దుబాట్లు యాత్రకు ఆఱునెలల ముందే చేయించుకొనవలెను. సొంత ఆదాయములేని గృహిణి భర్త ఆదాయపు పన్ను పత్రములను, బ్యాంకు లెక్కలను, వివాహ ధ్రువపత్రమును చేర్చవలసియుండును.

దినముల పంపకము

మూడు వారములనగా ఇరువదియొక్క దినములు, ఇరువది రాత్రులు. మొదటి రాత్రి విమానములో గడచును. తరువాత టోకియోలో నాలుగు, క్యోటోలో అయిదు, హిరోషిమాలో రెండు, ఫుకుఒకాలో ఒకటి, బూసాన్‌లో రెండు, గ్యోంగ్జులో రెండు, సియోలులో మూడు. ఇంతకంటె ఊళ్లు పెంచరాదు. ఊరు మారిన ప్రతిసారియు అర్ధదినము మూటలకు సమర్పితమగును.

ప్రతి చోటను ఏమి చూడవలెనో పట్టిక వ్రాయుట యిక్కడ మా ఉద్దేశము కాదు. మన తెలుగు తల్లులకు హృదయమున నిలుచునవి కొన్ని మాత్రము చెప్పుదుము. క్యోటోకు సమీపముననున్న నారాలోని మహాబుద్ధ విగ్రహమునకు 752వ సంవత్సరమున నేత్రోన్మీలనము చేసినవాడు మన భారతదేశమునుండి పోయిన బోధిసేనుడను భిక్షువు. క్యోటోలోని నిషిజిన్ పేటలో నేతపని నేటికిని సాగుచున్నది. వెంకటగిరి చీరల నేత చూచిన కన్నులు అక్కడి జరీపట్టును తేలికగ వదలజాలవు.

హిరోషిమాలో 1945 ఆగష్టు 6వ తేదీన అణుబాంబు పడిన స్థలమున శాంతివనము కలదు. ఆ బాంబు వలన కలిగిన రక్తవ్యాధితో 1955లో మరణించిన సదాకో అను బాలిక జ్ఞాపకార్థము 1958లో అక్కడ ఒక స్తంభము నిలిపిరి. లోకమందలి పిల్లలు కాగితపు కొంగలు చేసి అక్కడికి పంపుదురు. మన పిల్లలచేత ఇంటియొద్దనే నాలుగు కొంగలు చేయించి తీసికొనిపోయినచో, ఆ కథను వారికి వేఱుగ బోధింప నక్కఱలేదు.

బూసాన్ చెంతనున్న గిమ్‌హేలో హో రాణి సమాధి కలదు. ఆయుత యను దూరదేశపు రాచబిడ్డ పదునాఱేండ్ల వయస్సున, క్రీ.శ. 48లో, ఓడనెక్కి వచ్చి సురో రాజును వివాహమాడెనని పదమూడవ శతాబ్దపు కొరియా గ్రంథము చెప్పును. ఆ ఆయుత మన అయోధ్యయే యని కొందఱందురు. చరిత్రకారు లందఱును ఒప్పుకొనలేదు. ఎట్లైనను, కడలి దాటి పరుల యింటికి పోయిన ఆడుబిడ్డ కథ మన ఆడువారికి చెప్పనక్కఱలేకయే అర్థమగును. గ్యోంగ్జులోని బుల్గుక్సా ఆలయము, సొక్కురాం గుహ 1995లో ప్రపంచ వారసత్వ సంపదగ గుర్తింపబడినవి. ఆ రెండింటికి ఒక దినము చాలును.

వారమునకొక్క దినము ఏ కార్యక్రమమును లేక విడచిపెట్టవలెను. మఱియు మూడు వారములలో ఒక్క పగలు పూర్తిగ ఇల్లాలిది కావలెను. పిల్లల బాధ్యత భర్త వహించును. ఆమె అంగడి వీధిలో తిరుగునో, తోటలో ఒంటరిగ కూర్చుండునో, బసలో నిద్రించునో, ఆమె యిష్టము. దీనిని ఇప్పుడే పట్టికలో వ్రాసియుంచనిచో ఆ దినము ఎన్నడును రాదు.

భోజనము

శాకాహారులకు రెండు దేశములందును జాగ్రత్త యవసరము. జపానువారి చారులలోను, పులుసులలోను ఎండుచేపల రసము తఱచు కలియును. కొరియావారి కిమ్చీలో ఉప్పురొయ్యలో, చేపరసమో యుండుట సామాన్యము. “మాంసము వలదు” అన్నంత మాత్రమున చాలదు. “చేప వలదు, చేపరసము వలదు” అని వారి భాషలో వ్రాసిన చీటి యొకటి వెంట నుండవలెను. బౌద్ధాలయముల సంప్రదాయ భోజనము మాత్రము మాంసము, చేపలు లేనిది; ఉల్లి, వెల్లుల్లి సయితము వాడరు. ఏకాదశినాటి మన వంట గుర్తుకు వచ్చును. జపానులో ఉప్పునూరిన పుల్లని పండును నడుమ నుంచిన అన్నపు ముద్దలు వీధివీధిని అమ్ముదురు. మన ఊరగాయ ముద్దకు అది దూరపు చుట్టమే.

దినమునకొక్క పూట ఇంటిరుచి యున్న పెద్దలకు, పిల్లలకు ప్రాణము కుదుటపడును. అందుకు పొడులు చాలును. బేనీషా మామిడిపండ్లు, పచ్చి కరివేపాకు, విత్తనములు, మాంసముతో చేసినవి తీసికొనిపోరాదు, రేవులో ఆపుదురు. అన్నము వండు విద్యుత్పాత్రను ఇంటనే ఉంచుడు. జపానులో విద్యుత్తు 100 వోల్టులే కనుక మన పాత్ర అక్కడ సరిగ పనిచేయదు. ఇది ఇల్లాలికి మేలే.

మూటలు, ధనము

ఆఱు దినములకు చాలినన్ని బట్టలు మాత్రమే తీసికొనుడు. నాణెములు వేసి బట్టలు ఉతుకుకొను యంత్రములు రెండు దేశములందును ఊరూర దొరకును. ఆ పనిని ఇంటిలోని మగపిల్లలకు అప్పగించుడు. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు మించిన పెట్టెకు శీఘ్రరైలులో ముందుగ చోటు కేటాయించుకొనవలెను. పెద్దల మందులకు వైద్యుని చీటి వెంట నుండవలెను. జలుబు మాత్రలలో కొన్ని జపానులో నిషిద్ధములు గనుక ముందుగ విచారించుట మంచిది.

రైలు విషయమున ఒక లెక్క. విదేశీయుల కమ్ము ఏడుదినముల రైలుపాసు వెల 2023 అక్టోబరులో 29,650 యెన్నులనుండి 50,000 యెన్నులకు పెరిగినది. మనము చెప్పిన టోకియో, క్యోటో, హిరోషిమా, ఫుకుఒకా మార్గమునకు విడివిడిగ టికెట్లు కొన్నను సుమారు 35,000 యెన్నులే. “పాసు కొన్న ఆదా” అను పాతమాట నమ్మి తొందరపడరాదు.

మొత్తము వ్యయమును విమానము, బస, లోపలి ప్రయాణము, భోజనము, వీసా, భీమా అని ఆఱు పద్దులుగ విడదీసి వ్రాయుడు. ఏడవదిగ, అనారోగ్యమునకో ఓడ తప్పుటకో పదింట నొకవంతు విడిగ పెట్టుడు. ఈ ఏడును కలిపినను ఇంటి పొదుపులో సగము మించుచున్నచో, ఈ యేడు ఒక్క దేశమే చూడుడు. రెండవది మఱియొక వేసవికి నిలువయుండును. అప్పుచేసి చూచిన కొండకంటె అప్పులేక చూచిన గుట్ట మేలు. పులికాటు సరస్సు పక్షులు మనకు దగ్గఱనే యున్నవి.

సోదరీమణులారా! ఒక నోటుపుస్తకము తెఱచి, ఎడమప్రక్క ఇరువదియొక్క దినములను, కుడిప్రక్క ఏడు పద్దులను వ్రాసికొనుడు. ప్రతి దినమునకు ఎదురుగ ఆనాటి పని ఎవరిదో కూడ వ్రాయుడు: మూటలు ఎవరు మోయుదురు, టికెట్లు ఎవరు చూతురు, బట్టలు ఎవరు ఉతుకుదురు. ఆ వరుసలో మీ పేరే మాటిమాటికి కనబడినచో, బయలుదేరుటకు ముందే ఆ పుట దిద్దుకొనుడు.