పడటం నేర్పే కొండే మనకు మంచి కొండ

“బాత్రూంలో కాలు జారితేనే ఇంటిల్లిపాదీ హడలిపోతాం. నువ్వు డబ్బులిచ్చి మరీ జారొస్తానంటావేంటమ్మా?” అన్నారు మా అత్తయ్య.

ఆవిడ అనడంలో తప్పేం లేదు. అంతకు రెండేళ్ల ముందు, 2022 జనవరిలో మనాలి వైపు వెళ్లినప్పుడు నేను చేసిన నిర్వాకం అలాంటిది మరి. రోడ్డు పక్కన స్కీలు గంట లెక్కన అద్దెకిస్తున్నారు. మావారు వద్దంటున్నా వినకుండా కట్టించుకున్నాను. నేర్పేవాళ్లు లేరు. బూట్లు ఒక సైజు పెద్దవి. చుట్టూ స్లెడ్జి బళ్లు, గుర్రాలు, ఫొటోలు తీసుకునే జనం. పది గజాలు జారానో లేదో, కాలు మెలిపడి కూలబడ్డాను. స్కీ మాత్రం బూటుని వదలనే లేదు. మోకాలి లిగమెంటు సాగిందన్నారు డాక్టరు. ఆరు వారాలు పట్టీ. మావారు పెట్టిన పప్పుచారు తింటూ నేను మంచం మీద ఉండగానే, ఇక ఆ ముచ్చట చాలని ఇంట్లో అందరూ తీర్మానం చేసేశారు.

నాకు మాత్రం చాలలేదు. డిగ్రీ అయ్యాక నాకోసం నేను నేర్చుకున్నదేమిటని ఆ ఆరు వారాలూ లెక్కలేసుకున్నాను. కుట్టుమిషను పిల్లల బట్టల కోసం. స్కూటీ పిల్లాణ్ణి బడిలో దింపడం కోసం. కథలు రాయడం ఒక్కటే నా సొంతం. ఇంకొకటి ఉంటే ఏం పోయింది? తప్పు నా కోరికలో లేదు, చోటు ఎంచుకోవడంలో ఉందనిపించింది. ఈసారి వస్త్రలతలో చీర కొన్నట్టు కొనాలనుకున్నాను. నాలుగు షాపులు తిరిగి, మడత విప్పి, అంచు తిరగేసి చూసి!

పేరు చూసి మోసపోవద్దు

ఎంత ఎత్తయిన కొండైతే అంత గొప్ప అనుకుంటాం. కానీ పెద్దయ్యాక మొదలుపెట్టేవాళ్లకి మొదటి వారంలో కావలసింది వంద గజాల మెత్తని వాలు. ఆ పైనున్నదంతా మనకు చూడ్డానికే.

విదేశాల్లో వాలులకు రంగులు పెడతారు. అమెరికాలో పచ్చ గుండ్రం తేలిక, నీలం చదరం మధ్యరకం, నల్ల వజ్రం కష్టం. యూరప్‌లో నీలం తేలిక, ఎరుపు మధ్యరకం, నలుపు కష్టం. ఫ్రాన్సులో నీలం కన్నా తేలికైన పచ్చ కూడా ఉంటుంది. అంటే ఒకచోట మధ్యరకమైన నీలం, ఇంకోచోట తేలిక! పైగా ఏ కొండకా కొండ తన కొలతతో రంగు వేసుకుంటుంది. అందుకే రంగు చూసి ధైర్యపడకూడదు.

మన దేశం తరఫున చలికాలపు ఒలింపిక్స్‌లో పాల్గొన్న మొదటి మహిళ శైలజా కుమార్, 1988లో కాల్గరీలో. స్కీయింగ్‌లో మనకు మొదటి అంతర్జాతీయ పతకం తెచ్చింది కూడా ఒక అమ్మాయే. మనాలి దగ్గరి బురువా గ్రామానికి చెందిన ఆంచల్ ఠాకూర్ 2018లో టర్కీలో కాంస్యం గెలిచింది. అయితే ఆ అమ్మాయి చిన్ననాటి నుంచీ మంచులోనే పెరిగింది. చిన్నపిల్లలు నేలకి దగ్గరగా ఉంటారు, పడ్డా నవ్వుకుంటూ లేస్తారు. మనం ఎత్తు నుంచి పడతాం. పడేలోపే ఆస్పత్రి బిల్లు గుర్తొస్తుంది. కాబట్టి మన ఎంపిక వేరు.

మన దేశంలో మూడు చోట్లు

మొదటిది మనాలి దగ్గరి సోలంగ్. మనాలిలోని పర్వతారోహణ సంస్థ 1961 నుంచీ ఉంది, స్కీ కోర్సులూ నడుపుతుంది. రెండోది ఉత్తరాఖండ్‌లోని ఔలీ. అక్కడ గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ కొత్తవాళ్లకు కోర్సులు పెడుతూ వచ్చింది. మూడోది కాశ్మీర్‌లోని గుల్‌మార్గ్, సుమారు 2,650 మీటర్ల ఎత్తులో.

ఔలీ పేరు చెప్పగానే అత్తయ్య ముఖం విప్పారింది. “జోషీమఠ్ పైనుండే కొండేనా?” బదరీనాథ్ యాత్రలో చూశారట. చలికాలంలో బదరీ గుడి మూశాక శంకరాచార్యుల గద్దెను తెచ్చి ఉంచేది జోషీమఠ్ నరసింహస్వామి గుడిలోనే. మంగళగిరి పానకాలస్వామి భక్తురాలికి ఇంకేం కావాలి? అయితే 2023 జనవరిలో ఆ ఊళ్లో నేల కుంగి ఇళ్లు బీటలువారాయి. ఔలీకి వెళ్లే నాలుగు కిలోమీటర్ల రోప్‌వే ఆపేశారు. అందుకని ఆ ఏడు ఔలీ వద్దనుకున్నాను. సోలంగ్ పేరెత్తితే మోకాలు సలిపింది. గుల్‌మార్గ్ మిగిలింది.

అక్కడా ఒక మెలిక ఉంది. గుల్‌మార్గ్‌కి ప్రపంచం నలుమూలల నుంచీ స్కీయర్లు వచ్చేది గొండోలా ఎక్కి అఫర్వత్ శిఖరం వాలులో జారడానికి. అది ఆరితేరినవాళ్ల చోటు. 2023 ఫిబ్రవరిలో అక్కడ మంచు చరియలు విరిగిపడి ఇద్దరు పోలండ్ దేశస్థులు చనిపోయారు. మనలాంటివాళ్ల చోటు కింద మైదానంలోని బుల్లి వాలులు. ఒకే ఊరు, రెండు కొండలన్నమాట. ఆ తేడా తెలియకుండా బయల్దేరకూడదు.

ఫోనులో అడగాల్సినవి

కొత్తవాళ్ల వాలు వేరుగా ఉందా, లేక పైనుంచి వేగంగా దిగేవాళ్లు మన మీదుగానే పోతారా?

పెద్దవాళ్లకు వేరే తరగతి ఉందా? వయసు పరిమితి ఎంత? సంస్థలు నడిపే కోర్సుల్లో కొన్నింటికి పరిమితి ఉంటుంది.

నేర్పే మనిషికి గుర్తింపు కార్డు ఉందా? ఒక్కరికి ఎంతమందిని అప్పగిస్తారు?

భయమేస్తే నడిచిగాని, లిఫ్టులోగాని కిందికి వచ్చే దారి ఉందా?

పాఠం, అద్దె సామాను, లిఫ్టు, బస వేటికవి ఎంత? కలిపి చెప్పించుకుంటే తర్వాత గొడవ ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ అనే బిగింపును మన బరువు, ఎత్తు, వయసు, అనుభవం, బూటు పొడవు చూసి సరిచేయాలి. పడగానే అది ఊడిపోవాలి. ఊడకపోతే మోకాలు మెలిపడుతుంది. ఇలాంటి ఆటల్లో మోకాలి లోపలి లిగమెంటు తెగడం మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువంటారు వైద్యులు. మీ బరువెంత అని అడగనివాడి దగ్గర స్కీలు తీసుకోకండి. సిగ్గుపడి బరువు తగ్గించీ చెప్పకండి!

దుర్గమ్మ మెట్లే వ్యాయామశాల

డాక్టరు సరేనన్నాక మూడు నెలలు ఇంద్రకీలాద్రి మెట్లదారి పట్టాను. ఎక్కడం కన్నా దిగడం ముఖ్యం. దిగేటప్పుడే తొడ కండరాలు బరువుని ఆపడం నేర్చుకుంటాయి. స్కీయింగంటే అదే కదా.

బట్టల సంగతి. నూలుబట్ట తడిస్తే ఆరదు, చలి పట్టేస్తుంది. లోపల ఉన్ని, పైన నీళ్లు దిగని కోటూ ప్యాంటూ కావాలి. అవి అక్కడే అద్దెకు దొరుకుతాయి. హెల్మెట్టూ అడిగి తీసుకోండి.

2024 జనవరిలో చాలా రోజులు గుల్‌మార్గ్‌లో మంచే పడలేదు. పేపర్లో ఎండిన మైదానం ఫొటో చూసి టిక్కెట్లు రద్దు చేద్దామన్నారు మావారు. ఫిబ్రవరి దాకా ఆగాం. మంచు పడింది. కాబట్టి తేదీ మార్చుకోగల టిక్కెట్టే కొనండి. ఇంకోమాట. 2025 ఏప్రిల్‌లో పహల్‌గాంలో జరిగిన ఘోరం తర్వాత, కాశ్మీరు ప్రయాణానికి ప్రభుత్వ సూచనలు చూసుకోకుండా బయల్దేరవద్దు.

మంచు నాగలి

నాకు నేర్పిన కుర్రాడికి పాతికేళ్లుంటాయి. ‘దీదీ’ అనేవాడు. ఎప్పుడో రాసిన హిందీ ప్రచార సభ పరీక్షలు ఇన్నాళ్లకి అక్కరకొచ్చాయి. మొదటిరోజు అతను జారడం నేర్పలేదు, పడటం నేర్పాడు. వెనక్కి కాదు, పక్కకి, తుంటి మీద పడాలి. చెయ్యి ఆనించకూడదు. లేచేముందు స్కీలను వాలుకి అడ్డంగా పెట్టుకోవాలి.

రెండోరోజు ఆగడం. స్కీల ముందు మొనలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా పెట్టి మోకాళ్లు వంచితే వేగం తగ్గుతుంది. దాన్ని స్నోప్లౌ అంటారు, మంచు నాగలన్నమాట. “భయమేసి వెనక్కి వాలకండి, ముందుకి వంగండి” అన్నాడు. గుడివాడ దగ్గర మా పుట్టింట్లో, నాట్లప్పుడు తడిగట్టు మీద నడిపిస్తూ మా నాన్న అన్నమాటే అది! వెనక్కి వాలినవాళ్లే బురదలో పడేది.

మూడోరోజు ఆ బుల్లి వాలు మొత్తం పడకుండా దిగాను. కింద మావాడు చప్పట్లు కొట్టాడు. “ఇంత దూరం వచ్చి పైకి వెళ్లకపోతే ఎలా?” అన్నారు మావారు. గొండోలాలో మొదటి మజిలీ కోంగ్‌డోరీ దాకా వెళ్లాం, స్కీలు కిందే వదిలేసి. పైనుంచి చూస్తే నా వాలు అరచేయంత ఉంది. అయినా అది నాది.

విదేశాల్లో పిల్లలో, తోబుట్టువులో ఉన్నవాళ్లకి ఇంకా సులువు. న్యూజెర్సీలో మౌంటెన్ క్రీక్, సియాటిల్ దగ్గర స్నోక్వాల్మీ లాంటి ఊరికి దగ్గరి చిన్న కొండలున్నాయి. దుబాయ్‌లో 2005 నుంచీ ఒక మాల్ లోపలే 400 మీటర్ల మంచు వాలుంది. ప్రశ్నలు మాత్రం ఎక్కడైనా అవే.

ఇంటికొచ్చాక అత్తయ్య ముందు నా మోకాలు తడిమి చూశారు. తర్వాత ఫొటోలు చూశారు. ప్యాంటు గురించి ఏమంటారోనని బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాను. “ఆ రోప్‌వే ఎప్పుడు బాగవుతుందో కనుక్కో. నేను స్వామి గుళ్లో కూర్చుంటా, నువ్వు జారొద్దువుగాని” అన్నారు.

కనుక్కుంటూనే ఉన్నాను.