మా చాదర్‌ఘాట్‌లో వాన పడదు... వస్తుంది!

జూన్‌లో మొదటి చినుకు పడగానే ఫోన్‌లో అందరి స్టేటస్‌లూ ఒకేలా ఉంటాయి. కిటికీ అద్దం మీద నీటి చుక్కలు, చేతిలో పొగలు కక్కే చాయ్, వెనకాల ఓ పాత పాట, కింద ‘వెదర్ సూపర్’ అని ఒక ముక్క. నేనూ పెట్టా, అబద్ధమెందుకు? మిరపకాయ బజ్జీల బండి ముందు నిలబడి సెల్ఫీ కూడా దిగా.

కానీ మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ‘‘మీకు ఎలాంటి వెదర్ ఇష్టం?’’ అని అడిగితే ఠక్కున నోట్లోంచి వచ్చిన జవాబు ఇది: ‘‘హిమాయత్‌సాగర్ గేట్లు మూసి ఉన్న వెదర్!’’

జోకనుకుని నవ్వేసింది. నేను నిజమే చెప్పా. అదెలాగో తెలియాలంటే మీరు నాతో పాటు నాంపల్లి నుంచి చాదర్‌ఘాట్ దాకా ఓసారి నడవాలి. ఎక్కువ దూరం లేదు, నాలుగు కిలోమీటర్ల లోపే. రండి.

పేరొకటి.. పిలిచేదొకటి

ముందు నాంపల్లి స్టేషన్. 1907 నుంచీ ఉన్న ఈ స్టేషన్ అసలు పేరు ‘హైదరాబాద్ డెక్కన్’. ఆ పేరు ఆటో అన్నకు చెప్పి చూడండి, మీ మొహం వంక అదోలా చూస్తాడు. నాంపల్లి అంటేనే బండి కదులుతుంది. ఇక్కడ ఇంకో వింత ఏంటంటే, పట్టాలు స్టేషన్‌తోనే ఆఖరు. వచ్చిన రైలు మళ్లీ వచ్చిన దారినే పోవాలి. కుతుబ్‌షాహీల కాలంలో రజా అలీఖాన్ అనే దివాన్‌కు ‘నేక్‌నామ్ ఖాన్’ అనే బిరుదు ఉండేదట. నేక్‌నామ్ అంటే మంచి పేరున్నవాడు. ఆయన పేరు మీద వెలసిన నేక్‌నామ్‌పల్లి జనం నోళ్లలో నలిగి నాంపల్లి అయిందంటారు.

అక్కడి నుంచి కాస్త నడిస్తే ఆబిడ్స్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మీనియన్ ఉండేవాడు. ఆయన ఇక్కడ ఓ దుకాణం తెరిచాడు. ఆయన పోయాడు, దుకాణమూ పోయింది, పేరు మాత్రం బస్సు బోర్డుల మీద మిగిలింది. ఇంకాస్త ముందుకెళ్తే కోఠి. కోఠి అంటే పెద్ద బంగళా. బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌ప్యాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ అది. ఇప్పుడు అక్కడ చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం నడుస్తోంది.

కోఠి దాటి నది వైపు దిగితే చాదర్‌ఘాట్. చాదర్ అంటే దుప్పటి కదా. ఒకప్పుడు నీళ్లు ఆనకట్ట మీద నుంచి దుప్పటి పరిచినట్టు జారేవని, అందుకే ఆ పేరని పెద్దలు చెబుతారు. 1933లో హైదరాబాద్‌లో కలిపేసేదాకా దీనికి సొంత మున్సిపాలిటీ ఉండేది. ఇప్పుడు మెట్రోలో వెళ్తుంటే ఉస్మానియా మెడికల్ కాలేజీ, ఎంజీబీఎస్, మలక్‌పేట అని వరుసగా వినిపిస్తాయి. మా పేరు రాదు.

ఒక్కటి గమనించారా? నాంపల్లి, ఆబిడ్స్ మనుషుల పేర్లు. కోఠి బంగళా పేరు. చాదర్‌ఘాట్ ఒక్కటే నీళ్ల పేరు. మా వెదర్ రిపోర్ట్ పేరులోనే ఉంది!

యాప్‌లో ఒక నంబర్.. రోడ్డు మీద నాలుగు కాలాలు

వెదర్ యాప్ తెరిస్తే ‘హైదరాబాద్’ అని ఒక నంబర్ చూపిస్తుంది. ఈ నాలుగు కిలోమీటర్ల దారికి ఆ ఒక్క నంబర్ సరిపోదు. మా క్యాలెండర్ వేరే.

జనవరి అంటే నుమాయిష్. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన ఈ ఎగ్జిబిషన్ 1946 నుంచి నాంపల్లి గ్రౌండ్స్‌లో జరుగుతోంది. హైదరాబాద్‌లో రికార్డైన కనిష్ఠ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు కూడా ఆ 1946లోనే, జనవరి 8న. ఇప్పుడంత చలి ఎక్కడిది? స్వెటర్ వేసుకుని వెళ్లి, రెండు చుట్లు తిరిగేసరికి నడుముకు కట్టుకునేంత చలి. నన్నడిగితే నడవడానికి నగరంలో అంతకంటే మంచి వాతావరణం లేదు. శివరాత్రి వచ్చేసరికి అదీ శివశివా అంటూ వెళ్లిపోతుంది.

ఎండ సంగతి ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ను అడగాలి. ఆదివారం పాత పుస్తకాల కోసం వెళ్తే షాపు షట్టర్ నీడ ఎటు జరిగితే పుస్తకాల వాళ్లూ అటు జరుగుతారు. మనమూ పేజీలు తిప్పుతూ వాళ్లతో పాటే జరుగుతాం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా. హైదరాబాద్ రికార్డు ఎండ 45.5 డిగ్రీలు పడింది 1966 జూన్ 2న. సరిగ్గా రోహిణి కార్తెలోనే! మన తాతల లెక్క ముందు యాప్ ఎంత?

ఆ వెంటనే మృగశిర. ముంగిళ్లు చల్లబడే కార్తె. జనవరిలో జెయింట్ వీల్ తిరిగిన నాంపల్లి గ్రౌండ్స్‌లోనే జూన్‌లో చేప ప్రసాదం క్యూలు కడతారు. ఆస్తమా తగ్గుతుందనే నమ్మకంతో బత్తిన కుటుంబం చేతి మీదుగా బతికున్న చేపపిల్లను మింగడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఆ మందు పనిచేస్తుందా అనేది వేరే చర్చ. నాకు మాత్రం ఆ క్యూ కనిపించిందంటే ఎండాకాలం అయిపోయినట్టే.

ఇక మిగిలింది చాదర్‌ఘాట్. మా కాలం సెప్టెంబర్.

పైన పడితే కిందికొస్తుంది

మీ వీధిలో వరద రావాలంటే మీ వీధిలో వాన పడాలి. మాకు ఆ రూల్ లేదు. వాన ఎక్కడో వికారాబాద్ వైపు పడుతుంది. మూసీ పుట్టేది అక్కడి అనంతగిరి కొండల్లో. ఈసీ అనే ఇంకో పాయ లంగర్‌హౌజ్ దగ్గర వచ్చి కలుస్తుంది. రెండూ కలిసి పురానాపూల్, అఫ్జల్‌గంజ్ దాటి మా వంతెన కిందికి వస్తాయి. అందుకే అంటా, మా దగ్గర వాన పడదు, వస్తుంది.

ఇది ఎంత దూరం పోగలదో 1908 సెప్టెంబర్ 28న నగరం చూసింది. పాతబస్తీ పెద్దలు దాన్ని ‘తుఘ్యానీ సితంబర్’ అంటారు. మూసీకి నీళ్లిచ్చే ప్రాంతంలో 788 చెరువులుంటే వాటిలో 221 తెగిపోయాయి. ఒక్కో చెరువు తెగి కింది చెరువు మీద పడింది. బ్రిటిష్ ఇంజినీర్ ఒలిఫెంట్ 1831లో కట్టించిన చాదర్‌ఘాట్ వంతెన కొట్టుకుపోయింది. అఫ్జల్, ముసల్లం జంగ్ వంతెనలదీ అదే గతి. నిలిచింది 1578 నాటి పురానాపూల్ ఒక్కటే. చనిపోయినవాళ్లు దాదాపు 15,000 మంది అని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ బతికి బయటపడ్డాడు కానీ, తల్లి, భార్య, కూతురు ఆయన కళ్లముందే పోయారు.

ఆ రోజు అఫ్జల్‌గంజ్‌లో ఓ చింతచెట్టెక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఇప్పుడు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది ఆ చెట్టు. నగరంలో మనం సెల్ఫీ దిగాల్సిన చోట్లు చాలా ఉన్నాయి కానీ, ఆ చెట్టు దగ్గర ఒక్క నిమిషం ఊరికే నిలబడి చూడండి.

వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నగరాన్ని కాపాడాలంటే నగరానికి పైనే నీళ్లు ఆపాలన్నది ఆయన మాట. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. మనం గండిపేటకు వెళ్లి చూసేది ఆ ఉస్మాన్‌సాగర్‌నే.

ఇక్కడే ఉంది అసలు కిటుకు. జూన్‌లో జలాశయాలు ఖాళీగా ఉంటాయి, ఎంత వానొచ్చినా మింగేస్తాయి. సెప్టెంబర్ చివరికి కడుపు నిండిపోతుంది. అప్పుడు పెద్ద వాన పడితే కట్టకు ముప్పు రాకుండా గేట్లు ఎత్తక తప్పదు. ఉస్మాన్‌సాగర్‌కు 15, హిమాయత్‌సాగర్‌కు 17 గేట్లు. వాటిలో ఎన్ని ఎత్తారు, ఎన్ని అడుగులు ఎత్తారు అన్నదే మా వాతావరణ సూచన. ఎత్తిన కొన్ని గంటల్లో ఆ నీళ్లు మా దగ్గరుంటాయి.

ఆ శుక్రవారం రాత్రి

ఇదంతా నాకు నేర్పింది పుస్తకం కాదు, చాదర్‌ఘాట్‌లో నేను రోజూ చాయ్ తాగే బండి అమ్మ. ఆమె ఇల్లు నది పక్క బస్తీలో. ఒక సాయంత్రం ఆకాశం నీలంగా మెరిసిపోతోంది. నేను మబ్బుల ఫొటో తీస్తుంటే అడిగింది.

‘‘బిడ్డా, ఆ ఫోన్ల గేట్లు ఎన్ని లేపిండ్రో జర చూడు.’’

‘‘వాన లేదు కదమ్మా!’’

‘‘ఈడ లేదు బిడ్డా. పైన ఉన్నదేమో ఎవరికెరుక?’’

ఆ మాట విలువ 2025 సెప్టెంబర్ 26న తెలిసింది. శుక్రవారం. ఊళ్లకు వెళ్లే దసరా రద్దీ. నేను ఆఫీసు నుంచి బయల్దేరేటప్పటికి తుంపరే, స్టేటస్ పెట్టుకునేంత తుంపర. రాత్రికి జంట జలాశయాల నీళ్లు కిందికి దిగాయి. ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి మూసీ వచ్చేసింది. సద్దుల బతుకమ్మకు ఇంటికి చేరాలని బ్యాగులతో వచ్చినవాళ్లు ప్లాట్‌ఫాంల మీద చిక్కుకుపోతే తాళ్లు కట్టి బయటికి తెచ్చారు. చాదర్‌ఘాట్ చిన్న వంతెన మూసేశారు. మర్నాడు బస్సులు ఎల్బీనగర్ నుంచి, ఉప్పల్ నుంచి, ఆరాంఘర్ నుంచి, జేబీఎస్ నుంచి నడిచాయి.

ఎంజీబీఎస్‌ను జనం ఇమ్లీబన్ అంటారు. అంటే చింతతోపు. నది రెండు పాయల మధ్య కట్టిన బస్టాండ్ అది. నీళ్లు కొత్తగా ఎక్కడికో రాలేదు, పాత అడ్రస్‌కే వచ్చాయి.

నేను పెద్ద వంతెన మీద ఆగి చూస్తే బస్తీ వాళ్లు గట్టు మీదికి చేరుతున్నారు. చాయ్ బండి అమ్మ చంకలో ఒక ప్లాస్టిక్ సంచి. దాంట్లో ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, కూతురి టెన్త్ మెమో. టీవీ వదిలేసింది, మిక్సీ వదిలేసింది. ఆ సంచి మాత్రం జూన్ నుంచే తలుపు వెనక మేకుకు వేలాడుతుంటుందట.

2024లో నది ఒడ్డు ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని గుర్తులు వేశారు. కొందరు డబుల్ బెడ్‌రూం ఇళ్లకు వెళ్లిపోయారు, కొందరు ఉండిపోయారు. ‘‘నీళ్లొస్తాయని తెలిసీ ఎందుకమ్మా ఇక్కడే?’’ అని అడిగానోసారి, తెలివైన ప్రశ్న అడిగాననుకుంటూ. ‘‘బండి ఈడ, ఇల్లు ఏడనో అయితే పొద్దుగాల నాలుగింటికి చాయ్ ఎవరు పెడ్తరు బిడ్డా?’’ అంది. నా దగ్గర జవాబు లేదు. గ్లాసు ఖాళీ చేసి డబ్బులిచ్చా.

మరి మంచి వెదర్ ఏది?

తుంపర పడుతుంటే నాకూ బజ్జీ తినాలనే ఉంటుంది. అందులో తప్పేం లేదు. ఎండలో మాడిన ఊరికి వాన పండగే. కాకపోతే ఆబిడ్స్‌లో ‘సూపర్’ అనిపించే వాన, నాలుగు కిలోమీటర్ల లోపే ఇంకో ఇంట్లో సంచి సర్దిస్తుంది. రెండూ ఒకటే వాన. అది తెలిశాక స్టేటస్ పెట్టడం మానలేదు కానీ, పెట్టే ముందు ఇంకో పని చేయడం అలవాటైంది. గేట్ల వార్త వెతకడం.

మీ ఊళ్లోనూ ఏదో ఒక వాగు ఉంటుంది. ఓసారి కనుక్కోండి, దాని నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో, దానికి పైన ఎన్ని చెరువులున్నాయో. యాప్ మీ తల మీది ఆకాశం గురించి చెబుతుంది. మీ గడప దగ్గరికి వచ్చే నీళ్ల సంగతి పైనున్న చెరువును అడగాలి.

నిన్న సాయంత్రం మళ్లీ ముసురు. బండి దగ్గరికి వెళ్లగానే ఆమె అడగకముందే ఫోన్ చూసి చెప్పా.

‘‘ఒక్కటి కూడా లేపలేదమ్మా.’’

‘‘అయితే ఇయ్యాల మంచిగున్నది’’ అంటూ ఇంకాస్త అల్లం దంచి వేసింది.

అవును, వెదర్ సూపర్.