ఉబ్బసం: కారణం మీ ఇంట్లోనే ఉందేమో చూడండి

వంటింట్లో ఎండుమిరపకాయల పోపు పడగానే దగ్గు. తెల్లవారుజామున 3 గంటలకు ఆయాసం, పిల్లికూతలు. 'చలికి వచ్చిందిలే' అని సరిపెట్టుకునే ఇల్లాళ్ళు ఎందరో!

ఊపిరి గొట్టాల లోపలి పొర వాచి ఉండడమే ఉబ్బసం. పడనిది తగిలితే గొట్టాలు బిగుసుకుపోతాయి. ఆ పడనిది అందరికీ ఒకటే కాదు.

సిరిసిల్లలో మరమగ్గాలు, అదే సాంచాలు, నడిచే షెడ్డుల్లో నూలు నూగు గాల్లో తేలుతుంటుంది. ఇంట్లో ఆడవాళ్ళు చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడతారు. కోరుట్ల, జగిత్యాల వైపూ ఎందరికో అదే ఆధారం. తంబాకు దుమ్ము చుట్టే ఆమెకే కాదు, పక్కన పడుకున్న పసిబిడ్డకూ పోతుంది. ఇక పసుపు పాలిష్ పట్టే రోజుల్లో, వడ్లు తూర్పారబట్టే రోజుల్లో సరేసరి. 'ఆ పని మానేయండి' అనడం తేలికే, కూలి ఎవరిస్తారు? అందుకని బీడీలు వసారాలో గాలి ఆడేచోట చుట్టండి. తంబాకు సంచి పడకగదిలో ఉంచవద్దు. చీర మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోండి. పొడి చీపురు బదులు తడిబట్టతో తుడవండి. దోమల చుట్ట, అగరొత్తుల పొగ కూడా కొందరికి పడదు.

ఆయాసం ఎప్పుడు వచ్చింది, అంతకుముందు ఏం పని చేశారు అన్నది రెండు వారాలు ఓ పాత నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. సెలవునాడు తగ్గి, పనిలోకి దిగగానే పెరుగుతుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

'పంపు అలవాటైతే మానలేం', 'పెళ్ళికావలసిన పిల్ల, నలుగురూ చూస్తే ఎలా' అని ఇన్‌హేలర్‌ను దాచేస్తారు. దుమ్ముకన్నా ఈ భయమే ఎక్కువ చేటు చేస్తుంది. ఇన్‌హేలర్ వ్యసనం కాదు. అందులోని స్టెరాయిడ్‌ను మైక్రోగ్రాముల్లో కొలుస్తారు, అంటే మిల్లీగ్రాములో వెయ్యోవంతు. మందు నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుంది. పీల్చాక నోరు పుక్కిలిస్తే చాలు. అప్పటికప్పుడు ఊపిరాడించే మందు ఒక్కదానితోనే నెట్టుకురావద్దని, వాపు తగ్గించే మందూ ఉండాలని 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మృగశిర కార్తెకు హైదరాబాదు వెళ్ళి చేపమందు మింగే అలవాటున్నవారూ ఇన్‌హేలర్ ఆపకూడదు. చేపమందుతో ఉబ్బసం నయమవుతుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు.

మాట పూర్తి చేయలేనంత ఆయాసం, పెదవులు నీలబడటం, పంపు కొట్టినా ఉపశమనం లేకపోవడం కనిపిస్తే తెల్లవారే దాకా ఆగవద్దు. రోగిని నిటారుగా కూర్చోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి.