తమ్ముడితో డోటా ఆడటానికి ఎంత కంప్యూటరు కావాలి?

తమ్ముడు గుంటూరులో, నేను డబ్లిన్‌లో. వారమంతా వాట్సాప్‌లో "తిన్నావా, పడుకున్నావా" తప్ప మాటలుండవు. శనివారం రెండు గంటలు కలిసి డోటా 2 ఆడితే మాత్రం అన్ని కబుర్లూ బయటికొస్తాయి. అలాంటిది ఒకరోజు వాడు విసుక్కున్నాడు. "అన్నయ్యా, నీ హీరో వచ్చేసరికి నా పని అయిపోతోంది. ముందు ఆ కంప్యూటరు మార్చు."

కొత్త గేమింగ్ కంప్యూటర్ల ధరలు చూశాను. మనసుకి నచ్చినవన్నీ 1,200 యూరోల పైనే. ఇక్కడి ఇంటద్దెలు తెలిసినవాళ్ళకి ఆ అంకె బరువు వేరే చెప్పక్కర్లేదు.

కార్డు తీసే ముందు అసలు జబ్బేమిటో చూద్దామనుకున్నాను. డోటా సెట్టింగుల్లో ఎఫ్‌పీఎస్, పింగ్ రెండూ తెరమీద చూపించే సదుపాయం ఉంది. నా పాత లాప్‌టాప్‌లో ఎఫ్‌పీఎస్ 30 దాటడంలేదు. ఇండియా సర్వరుకి పింగ్ 190. అంటే జబ్బులు రెండు, మందులూ రెండు. మొదటిది కంప్యూటరు లోపం. రెండోది దూరం.

చిన్న లెక్క చూడండి. డబ్లిన్ నుంచి ముంబై తిన్నగా గీత గీసినా దాదాపు 7,600 కిలోమీటర్లు. ఫైబరులో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. వెళ్ళి రావడానికే 76 మిల్లీసెకన్లు కావాలి. కేబుళ్ళేమో తిన్నగా పోవు, సముద్రాలు చుట్టి పోతాయి. (2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో కేబుళ్ళు తెగినప్పుడు మనదేశంలో ఇంటర్నెట్ నెమ్మదించిన సంగతి గుర్తుండే ఉంటుంది.) ఎఫ్‌పీఎస్ 30 నుంచి 60కి పెరిగితే ఒక్కో ఫ్రేముకి మిగిలేది 17 మిల్లీసెకన్లు. ఎంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డయినా సముద్రాన్ని దగ్గర చెయ్యలేదు కదా!

అందుకని మొదటి మందు ఉచితం: సర్వరు మార్చాం. డోటాలో దుబాయ్ సర్వరుంది. నా పింగ్ 130కి దిగింది, తమ్ముడిది కొంచెం పెరిగింది. భారం ఇద్దరం పంచుకున్నాం. అన్ని గేముల్లో ఈ వీలుండదు. వాలరెంట్‌లో అయితే ఖాతా ఏ ప్రాంతానిదో ఆ ప్రాంతపు సర్వర్లలోనే ఆడాలి.

రెండో మందు 12 యూరోల ఈథర్నెట్ కేబులు. రూటరు కింద, నేను మేడమీద. వైఫైలో పింగ్ ఉన్నట్టుండి 300కి ఎగిరేది. అద్దిల్లు కాబట్టి గోడకి చిల్లు పెట్టకుండా కేబుల్ని మెట్లవారగా లాగాను. మా ఆవిడకి నచ్చలేదు గానీ ఆ ఎగురుళ్ళు ఆగిపోయాయి.

ఇక కంప్యూటరు. 2025 వేసవిలో ఆఫీసులు వదిలేసిన, రీఫర్బిష్ చేసిన డెస్క్‌టాప్ 160 యూరోలకి కొన్నాను. ఐ5-8500, 16 జీబీ ర్యామ్. ఇంటెల్‌లో ఎనిమిదో తరం కంటే పాతవి చవగ్గానే దొరుకుతాయి, కానీ దాదాపు వేటికీ విండోస్ 11 అధికారికంగా రాదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ర్యామ్ ఒకే కర్రగా కాక రెండుగా ఉందేమో అడగండి, ఆటల్లో తేడా కనిపిస్తుంది. ఆ ఏడాది చివరికి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి కాబట్టి ర్యామ్‌తో సహా వచ్చే డబ్బానే చూసుకోవడం నయం.

గ్రాఫిక్స్ కార్డు దగ్గర నేను బోల్తాపడ్డాను. సన్నటి డబ్బాలో మామూలు ఎత్తు కార్డు పట్టదు. కొలవకుండా ఆన్‌లైన్‌లో తెప్పించి, 14 రోజుల గడువులో వెనక్కి పంపాను. (ఈ హక్కు దుకాణాల దగ్గరే. వ్యక్తుల దగ్గర పాతది కొంటే ఉండదు, నడిపించి చూశాకే డబ్బులివ్వండి.) పవర్ సప్లై కూడా చిన్నదే. అందుకే విడిగా పవర్ కేబులు అక్కర్లేని, 75 వాట్లలోపు లో-ప్రొఫైల్ కార్డు కావాలి. ఆర్‌ఎక్స్ 6400 కొత్తది కదా అని ఆశపడ్డాను. దానికున్నవి నాలుగు పీసీఐ లేన్లే, నా పాత బోర్డు 3.0 కావడంతో ఆ దారి సగానికి సగం ఇరుకవుతుంది. చివరికి పాత జీటీఎక్స్ 1650 తీసుకున్నాను, 110 యూరోలు.

జర్మనీ సైట్లలో తక్కువ కనిపిస్తుంది, కానీ ఇక్కడికి పంపేటప్పుడు వాళ్ళ 19 శాతం వ్యాట్ పోయి మన 23 శాతం పడుతుంది. బ్రిటన్ నుంచయితే 2021 తర్వాత కొరియర్‌వాడి కస్టమ్స్ రుసుము కూడా తోడవచ్చు.

మొత్తం 282 యూరోలు. మానిటరు కొనలేదు, హాల్లో టీవీని గేమ్ మోడ్‌లో పెట్టి వాడుతున్నాను. శనివారం ఇక్కడ మధ్యాహ్నం మూడింటికి మొదలుపెడతాం. వేసవిలో అయితే తమ్ముడికి రాత్రి ఏడున్నర, భోజనానికి ముందే ఒక ఆట పూర్తవుతుంది. చలికాలంలో ఎనిమిదిన్నర, అప్పుడు మాత్రం మధ్యలో అమ్మ కేకలు నాకూ వినిపిస్తాయి.