అద్దములో కనిపించిన ముద్దు

1967 డిసెంబరులో అమెరికాలో విడుదలైన ఒక చిత్రము ఆరంభమున చిన్న దృశ్యము కలదు. సాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయము నుండి ఒక యువతి, ఆమె వరించిన వైద్యుడు టాక్సీలో ఇంటికి బయలుదేరుదురు. యువతి తెల్లజాతికి చెందినది, వైద్యుడు నల్లజాతివాడు. దారిలో వారిరువురు ముద్దు పెట్టుకొందురు. కాని ప్రేక్షకుడు ఆ ముద్దును నేరుగా చూడడు. టాక్సీ నడుపువాని ముందున్న చిన్న అద్దములో, అతని చూపు వెంట చూచును. దాదాపు రెండు గంటలు నడుచు ఆ చిత్రములో దర్శకుడు ఆ జంటకు అంతకు మించిన చనువు నొసగలేదు. చిత్రము పేరు 'గెస్ హూ ఈజ్ కమింగ్ టు డిన్నర్'. రాత్రి భోజనమునకు వచ్చునది ఎవరో ఊహింపుడని ఆ పేరునకు అర్థము.

ఒక ముద్దును అద్దములో దాచవలసినంత జంకు ఎక్కడి నుండి వచ్చినది? సమాధానము దర్శకుడైన స్టాన్లీ క్రామర్ పిరికితనములో దొరకదు. అమెరికా చలనచిత్ర పరిశ్రమ తనకు తాను విధించుకొన్న శాసనములో దొరకును. 1930లో హాలీవుడ్ నిర్మాతలు ఒక నియమావళిని అంగీకరించిరి. 1934 నుండి అది కఠినముగా అమలు జరిగినది. తెరపై చూపరాని విషయముల పట్టికలో తెల్లవారికిని నల్లవారికిని నడుమ స్త్రీపురుష సంబంధము ఒకటి. ఈ నిషేధము 1956 వరకు నిలిచినది. హత్యను చూపవచ్చును, ద్రోహమును చూపవచ్చును. దోషి చివరకు శిక్ష పొందినచో చాలును. రెండు జాతుల వారి అనురాగమునకు మాత్రము ఆ వెసులుబాటు లేదు.

నియమావళికి పూర్వమే ఈ భయమునకు రూపము కల్పించిన చిత్రము ఒకటి కలదు. 1915లో గ్రిఫిత్ నిర్మించిన 'ద బర్త్ ఆఫ్ ఎ నేషన్' చలనచిత్ర శిల్పమునకు ఎంత మేలు చేసినదో, మానవత్వమునకు అంత కీడు చేసినది. అందులో నల్లవాడు తెల్ల కన్యను వెంటాడు మృగము. ముసుగులు ధరించి అతనిని వేటాడు కూక్లక్స్ క్లాన్ వారు వీరులు. ఆ నల్లవాని వేషము కట్టినవాడు ముఖమునకు మసి పూసికొన్న తెల్ల నటుడు. నల్లవానిని గూర్చిన కథలో నల్లవానికే చోటు లేకపోయినది.

చోటు దొరకిననాడు అది వంటయింటిలో దొరకినది. 1939 నాటి 'గాన్ విత్ ద విండ్' చిత్రములో దాదిగా నటించిన హ్యాటీ మెక్‌డానియల్‌కు 1940లో ఆస్కార్ బహుమానము లభించినది. ఆ గౌరవము పొందిన మొట్టమొదటి నల్లజాతి వ్యక్తి ఆమె. అయినను బహుమాన ప్రదానము జరిగిన ఆ రాత్రి తన తోటి నటుల బల్లవద్ద ఆమెకు ఆసనము లేదు; గోడ ప్రక్కన వేరొక చిన్న బల్ల వేసిరి. 1949లో ఎలియా కజాన్ దర్శకత్వమున వచ్చిన 'పింకీ' చిత్రములో నాయిక నల్లజాతి యువతి, ఆమెను ప్రేమించినవాడు తెల్ల వైద్యుడు. ఆ నాయిక పాత్రను తెల్ల నటీమణి జీన్ క్రెయిన్‌కు ఇచ్చిరి. ప్రేమించునది నల్లపిల్ల యని మాట చెప్పుచుండును. కౌగిలిలో నున్నది తెల్లపిల్ల యని కన్ను చెప్పుచుండును. ఆ విధముగా నియమము చెడలేదు, కథయు ఆగలేదు.

తెరపై నున్న శాసనము వెనుక నేలపై నున్న శాసనము కలదు. 1958 జూన్‌లో రిచర్డ్ లవింగ్ అను తెల్ల తాపీపనివాడు, మిల్‌డ్రెడ్ జెటర్ అను నల్లజాతి యువతి వాషింగ్టన్ నగరములో వివాహమాడి తమ వర్జీనియా రాష్ట్రమునకు తిరిగి వచ్చిరి. జూలైలో ఒక రాత్రి పోలీసులు పడకగది లోనికి వచ్చి వారిని నిర్బంధించిరి. నేరము వివాహమే! 1959 జనవరిలో న్యాయాధిపతి ఒక్క సంవత్సరము కారాగారము విధించి, ఇరువదియైదు సంవత్సరములు రాష్ట్రమును విడిచి యుండుటకు సమ్మతించినచో శిక్ష నిలిపివేయుదు ననెను. దంపతులు పుట్టిన ఊరు విడిచిరి. ఆ వ్యాజ్యెము పైకి ప్రాకి, 1967 జూన్ 12న అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా అట్టి శాసనములను కొట్టివేసినది. నాటికి 16 రాష్ట్రములలో అట్టి శాసనములు ఉండెను.

క్రామర్ చిత్రము సరిగా ఆ దినములలోనే రూపొందినది. చిత్రీకరణ ముగిసిన కొద్ది దినములకు, జూన్ 10న, యువతి తండ్రిగా నటించిన స్పెన్సర్ ట్రేసీ మరణించెను. తీర్పు వెలువడినది ఆ తరువాత రెండవ దినమున. చిత్రములో వైద్యుని తండ్రి తన కుమారుని మందలించుచు, పదునారో పదునేడో రాష్ట్రములలో మీరు నేరస్థులగుదురని హెచ్చరించును. డిసెంబరులో ప్రేక్షకులు ఆ మాట వినునాటికి ఆ నేరము నేరము కాకపోయినది. కాని తీర్పు శాసనమును మార్చినంత త్వరగా మనస్సును మార్చజాలదు. అందుచేత ఆ మాట ఎవరికిని పాతబడినట్లు తోచలేదు.

ఇక ఆ వైద్యుని పరిశీలింపుడు. సిడ్నీ పాయిటియర్ ధరించిన ఆ పాత్రలో వెదకినను దోషము కానరాదు. అతడు ప్రసిద్ధ వైద్యుడు; పేద దేశముల ప్రజల ఆరోగ్యమునకై పాటుపడువాడు. భార్యను, కుమారుని ప్రమాదములో పోగొట్టుకొన్న దుఃఖితుడు. వినయశీలి. యువతి తలిదండ్రులు మనస్ఫూర్తిగా అంగీకరింపనిచో ఆమెను పెండ్లాడనని వారికి రహస్యముగా మాట ఇచ్చినవాడు. ఇంతటి వరుడు వచ్చినను తండ్రి సంకోచించినచో ఆ సంకోచమునకు వర్ణము తప్ప వేరు కారణము ఉండరాదని దర్శకుని యోచన. వాదమునకు అది బలమైన యుక్తియే. కాని జీవితమునకు? తెల్లపిల్ల యోగ్యతను ఎవరును పరీక్షింపరు. ఆమె కేవలము ప్రేమించినది, అంతే. నల్లవాడు మాత్రము ప్రేమించుటకు ముందు మహాపురుషుడు కావలెను!

ఉపాధ్యాయులకు తెలిసిన మరియొక ఉదాహరణ కలదు. బ్రిటిష్ గయానాకు చెందిన బ్రెయిత్‌వెయిట్, లండన్ పేటలోని పాఠశాలలో తాను బోధించిన అనుభవమును ఆధారము చేసికొని 1959లో 'టు సర్ విత్ లవ్' అను గ్రంథమును ప్రకటించెను. అందులో నల్ల ఉపాధ్యాయునికిని, సహోపాధ్యాయినియైన తెల్ల యువతికిని నడుమ అనురాగము పెరిగి వివాహ ప్రసంగము వరకు వచ్చును. 1967లో అదే కథ పాయిటియర్ నాయకుడుగా చలనచిత్రమైనది. అల్లరి పిల్లలను మనుష్యులుగా దిద్దిన గురువు తెరపై నిలిచెను. ప్రేమికుడు మాత్రము ఒకటి రెండు చూపులలో అణగిపోయెను. ఆదర్శ గురువుగా నల్లవానికి తెర నమస్కరించినది. అతనికిని హృదయమున్నదని ఒప్పుకొనుటకు జంకినది.

టెలివిజన్ కథయు ఇట్టిదే. 1968 నవంబరు 22న ప్రసారమైన 'స్టార్ ట్రెక్' ధారావాహికలో నౌకాధిపతియైన కిర్క్, నల్లజాతి అధికారిణియైన ఉహురా ముద్దు పెట్టుకొనిరి. అమెరికా టెలివిజన్ చరిత్రలో నేటికిని చెప్పుకొను దృశ్యమది. అయితే ఆ కథలో వారు స్వేచ్ఛగా ఆ పని చేయలేదు. పరలోకవాసులు కొందరు మానసిక శక్తితో వారిని బొమ్మల వలె ఆడించి బలవంతముగా చేయించిరి. ఒకచోట అద్దము, ఒకచోట మాయ! ఆ ఇరువురును తమంత తామే ప్రేమించినారన్న సామాన్య సత్యము మాత్రము ఇంకను బయటికి రాలేదు.

ఆ సత్యము మెల్లమెల్లగా వచ్చిన దారిని ఒక నటీమణి జీవితములోనే చూడవచ్చును. క్రామర్ చిత్రములో ఆ యింటి నల్లజాతి పనిమనిషి టిల్లీ. కాబోవు అల్లునిపై అందరికంటె ఎక్కువగా మండిపడినది ఆమెయే. ఆ పాత్ర ధరించిన ఇసబెల్ శాన్‌ఫర్డ్, 1975లో ఆరంభమైన 'ద జెఫర్‌సన్స్' అను టెలివిజన్ హాస్య ధారావాహికలో న్యూయార్కు సౌధమున కాపురముండు సంపన్న గృహిణియైనది. భర్త జార్జి బట్టలు ఉతికి ఇచ్చు దుకాణములు నడుపుచు పైకి వచ్చినవాడు. నోటి దురుసువాడు, గర్విష్ఠి, తెల్లవారిపై చులకన గలవాడు. వారి వియ్యంకులు తెల్ల భర్త, నల్ల భార్య. జార్జి ఆ దంపతులను సమయము దొరకినప్పుడెల్ల ఎగతాళి చేయును, వారును ఊరకుండరు. పదకొండు విభాగములుగా 1985 వరకు సాగిన ఆ హాస్యములో, వర్ణములు కలిసిన దాంపత్యము ఒక సమస్యగా గాక, ఉప్పు పప్పుల గొడవలున్న సంసారముగా ఇంటింటికి చేరినది. 1981లో శాన్‌ఫర్డ్‌కు ఉత్తమ హాస్యనాయికగా ఎమ్మీ బహుమానము లభించినది. నల్లజాతి స్త్రీకి ఆ బహుమానము అదే ప్రథమము. దేవదూతవంటి వైద్యుడు చేయలేని పనిని నోటి దురుసుగల జార్జి చేసెననుట అతిశయోక్తి కాదు. దోషములున్నవాడే మన పొరుగువాడు కాగలడు.

ఇంతవరకు ఈ కథలో దోషి తెల్లవాడే యని మనవారు నిశ్చింతగా చదువవచ్చును. 1991లో మీరా నాయర్ తీసిన 'మిసిసిపీ మసాలా' ఆ నిశ్చింతను చెరిపివేసినది. 1972లో ఈదీ అమీన్ ఉగాండా నుండి ఆసియావాసులను వెడలగొట్టినప్పుడు ఇల్లు వాకిలి పోగొట్టుకొన్న ఒక భారతీయ కుటుంబము, చివరకు అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రమున బంధువుల మోటెల్‌లో తల దాచుకొనును. ఆ యింటి కూతురు మీనా, తివాచీలు శుభ్రము చేయు వృత్తిగల డిమీట్రియస్ అను నల్లజాతి యువకుని ప్రేమించును. డెన్జెల్ వాషింగ్టన్ ధరించిన ఆ పాత్ర మహాపురుషుడు కాదు. అప్పు తీర్చుకొనుచు బ్రతుకు సామాన్యుడు. అతని వలన నష్టపరిహారపు వ్యాజ్యెము వచ్చునని భయపడిననాడు, రంగు గలవారమందరము ఒక్కటియే యని భారతీయులు అతనిని బుజ్జగింతురు. ప్రేమ బయటపడిననాడు ఆ ఐకమత్యము ఆవిరియై పోవును. అతనికి పనులు దొరకవు. బ్యాంకి అప్పు తిరిగి యిమ్మని పట్టుబట్టును. మీనాను గూర్చియు ఆడవారు, నల్లగా నుండి ధనము కూడ లేని పిల్లకు మంచి సంబంధము ఎట్లు వచ్చునని చెవులు కొరుకుకొందురు. ఈ చివరి మాట వినుటకు మిసిసిపీ వరకు పోనక్కరలేదు.

మన పురాణములలో ద్రౌపదికి కృష్ణ యను పేరు ఆమె మేనిచాయను బట్టియే వచ్చినది. నల్లనివాడైన దేవుని కొలుచు ఇండ్లలోనే, పిల్ల చామనచాయ యని తెలిసినంతనే పెండ్లిచూపులు మాట తప్పుచున్నవి. పరదేశపు తెరపై నున్న అన్యాయము మనకు స్పష్టముగా కనిపించును. అది మన అద్దము కాదు కనుక.

నేడు పిల్లలు అన్ని దేశముల చిత్రములను చేతిలోని ఫోనులోనే చూచుచున్నారు. వాటిని చూడవద్దనుట కంటె చూచు పద్ధతి నేర్పుట మేలు. తరగతిలో ఉపాధ్యాయుడు మూడు ప్రశ్నలు వేయవచ్చును. ఈ చిత్రములో నల్లవానికి తప్పు చేయు స్వేచ్ఛ యున్నదా? అతడు తనకొరకు బ్రతుకుచున్నాడా, లేక ఇతరుల మంచితనమును నిరూపించుటకు బ్రతుకుచున్నాడా? అతని ప్రేమను మనము ఎవరి కన్నులతో చూచుచున్నాము?

మూడవ ప్రశ్న ముఖ్యమైనది. 2016లో జెఫ్ నికల్స్ ఆ వర్జీనియా దంపతుల గాథను 'లవింగ్' అను పేర చిత్రించెను. అందులో గొప్ప ఉపన్యాసములు లేవు. తాపీపనివాడు ఇటుకలు పేర్చుచుండును, భార్య ఇల్లు దిద్దుకొనుచుండును, ఇరువురు ఒకరి ప్రక్కన ఒకరు కూర్చుండి యుందురు. వారు కోరినది మహాత్ములుగా పూజింపబడుట కాదు. తమ ఊరిలో తమ యింటిలో భార్యాభర్తలుగా నిదురించుట. అంత చిన్న కోరికను నేరుగా చూపుటకు తెరకు దాదాపు ఒక శతాబ్దము పట్టినది.