ఎండ వేరు, ఉక్క వేరు

వేసవి వచ్చినదనగా బందరులోగాని, గుడివాడలోగాని ఏ ఆఫీసున అడుగుపెట్టినను మొదట వినవచ్చునది ఉక్కను గూర్చిన మాటయే. ఫాను క్రింద కూర్చున్న గుమాస్తా కాగితములు ఎగిరిపోవుచున్నవని విసుగుకొనును. మూలన కూర్చున్నవారు గాలి తగులుట లేదని విసుగుకొందురు. ఏ.సి. గదిలో ఒకరు శాలువ కప్పుకొనగా, ప్రక్కవారు చల్లదనము చాలదందురు. జూలైలో ఆదాయపు పన్ను పత్రములు దాఖలు చేయు రోజులలో ఈ సణుగుడు రెట్టింపగును. లెక్క కుదరక కొంత, చెమట ఆరక కొంత. అయినను దీనిని వట్టి సణుగుడని త్రోసివేయరాదు. ఇందు శాస్త్రమున్నది, ప్రాణములకు సంబంధించిన విషయమును ఉన్నది.

మన పెద్దలు ఎండ, వడ, ఉక్క అని వేరువేరు మాటలు ఊరకే వాడలేదు. ధర్మామీటరు చెప్పునది గాలి వేడిమిని మాత్రమే. శరీరము చూచుకొను లెక్క వేరు: చెమట ఆరుచున్నదా, లేదా అనునదియే ఆ లెక్క. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరియైనచో అది శరీరమునుండి తీసికొనిపోవు వేడి, పది లీటర్ల నీటిని 30 డిగ్రీలనుండి 85 డిగ్రీలు దాటువరకు కాచుటకు చాలును. ఆరక కారిపోయిన చెమట వలన ఈ మేలు లేదు. ఒంటిలోని నీరు, ఉప్పు పోవుటయే మిగులును.

చెమట ఆరుట గాలిలోని తేమపై ఆధారపడును. రేడియోలో వాతావరణ విశేషములు చెప్పునపుడు “గాలిలో తేమ ఇంత శాతము” అని వినుచుందుము. ఆ వేడిమిలో గాలి ఇముడ్చుకొనగల తేమలో ఎంత భాగము అప్పటికే నిండియున్నదో ఆ అంకె తెలుపును. ధర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి తగులనిచ్చినచో, నీరు ఆరుటచే అది కొంత తక్కువ చూపును. 42 డిగ్రీల వేడిమి, 20 శాతము తేమ ఉన్నచోట తడిగుడ్డ ధర్మామీటరు సుమారు 24 డిగ్రీలు చూపును. 36 డిగ్రీలే యుండి తేమ 65 శాతమున్నచో అది 30 డిగ్రీలు చూపును. అనగా అంకెలలో చల్లనిదైన ఊరే శరీరమునకు చల్లబడు దారిని ఎక్కువగా మూసివేయుచున్నది.

పల్నాటి రెంటచింతల ఎండకు, బందరు ఉక్కకు గల భేదమిదియే. దివిసీమ సంగతి చెప్పనక్కరలేదు. కృష్ణ పాయలు, సముద్రము, చెరువులు, తడి పొలములు చుట్టునున్న ఆ గడ్డపై గాలికి తేమ కొదువలేదు. మధ్యాహ్నము సముద్రపు గాలి తిరిగినచో వేడిమి తగ్గును గాని తేమ పెరుగును. పడమటి గాలి బలముగా వీచి సముద్రపు గాలిని రానీయని దినమున వడ తగులును. భారత వాతావరణ శాఖవారును ఈ భేదమును గుర్తించిరి: సాధారణముకంటె 4.5 డిగ్రీలు హెచ్చినపుడు, మైదానములలో 40 డిగ్రీలు చేరినగాని వడగాడ్పు అనరు. తీరప్రాంతములలో 37 డిగ్రీలకే అందురు.

జబ్బు తెలిసిన మందు తెలియును. వట్టివేళ్ల తడికలు, నీటితో నడచు కూలర్లు పడమటి గాలి రోజున బాగుగా పనిచేయును. ఉక్క రోజున గదిలో మరింత తేమ నింపును. కుండలోని నీరు ఆ రోజులలో అంతగా చల్లబడకపోవుటకును కారణమిదియే. ఫాను గాలిని చల్లబరచదు. ఒంటినంటియున్న తడిగాలిని తొలగించి చెమట ఆరనిచ్చును. కావున ఉక్కకు అది మంచి మందు. 40 డిగ్రీలు దాటిన వడగాలిలో మాత్రము ఒళ్లు తడుపుకొనక ఫానును నమ్మరాదు. ఏ.సి. యంత్రము గొట్టమునుండి కారు నీరు గదిలోని తేమయే. తేమ తగ్గినపుడు 18 డిగ్రీల చలి అక్కరలేదు. 2020 జనవరినుండి క్రొత్త యంత్రములను 24 డిగ్రీలకు అమర్చి అమ్మవలెనని ప్రభుత్వము నియమించినది. ఆ యంత్రముతో ఫానును కలిపి నడపి, గాలి సూటిగా ఒకరిమీదనే పడకుండ చూచినచో శాలువ గొడవయు తీరును.

అమెరికాలోని మన బిడ్డలు చలికాలమున ఇందుకు విరుద్ధముగా మొరపెట్టుదురు: ఇల్లు వెచ్చగనే యున్నది గాని పెదవులు పగులుచున్నవని. బయటి చలిగాలిలో తేమ స్వల్పము. దానిని హీటరుతో వేడిచేసినపుడు తేమ శాతము మరింత పడిపోవును. అక్కడ గదిలో నీటిని ఆవిరిచేసి తేమ పెంచుకొందురు. ఇక్కడ మనము తేమ తగ్గించుకొనవలెను.

ఆఫీసువారికి ఫానైన గలదు. పొలములో కూలికి, రొయ్యల చెరువు గట్టున కావలివానికి, బరువులు మోయు హమాలీకి అదియు లేదు. 2015 మే మాసపు వడగాడ్పులలో ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో వేయిమందికి పైగా మరణించిరి. ఎండ కనబడకున్నను ఉక్క హెచ్చుగానున్నచో పనిని ఉదయ సాయంకాలములకు మార్చవలెను. ఉప్పు వేసిన మజ్జిగయో, గంజియో తరచుగా ఇవ్వవలెను. ఎవరైన తడబడి మాటలాడినను, స్పృహ తప్పినను నోట ఏమియు పోయక, నీడకు చేర్చి, ఒళ్లంతయు తడిపి, విసరుచు, వెంటనే ఆసుపత్రికి తరలింపవలెను. “మబ్బు పట్టియున్నది గదా, ఎండ లేదు గదా” అని ఆలస్యము చేయరాదు.